చీపురు తే

అమ్మ ఆపరేషన్ మంగళవారం.
సోమవారమే నాన్నా తనూ మినీబస్సులో తిబిలీసీ వెళ్ళారు,
మందుల సంచీ అమ్మ ఒళ్ళో, రొట్టెల మూట నాన్న ఒళ్ళో.
కుతాయిసీలో మిగిలింది
నేనూ, తమ్ముడు వాఖో, నాయనమ్మ బబూత్సా,
తీగమీద ఇంకా తడారని అమ్మ నైటీ.

ఫ్రిజ్ తలుపు మీద అమ్మ అంటించిన కాగితం:
కోళ్ళకి పొద్దున్నే గింజలు.
వాఖో చెవులు చూడు, కడిగానని అబద్ధం చెబుతాడు.
ఎతేరి గారి గిన్నె తిరిగివ్వాలి, ఖాళీగా ఇవ్వొద్దు.
చివర్న ఏదో రాసి కొట్టేసింది.
బల్బు దగ్గర పెట్టి వెనకనుంచి చూశాను,
‘ఒకవేళ’ అన్నంతవరకే కనిపించింది.

మా అమ్మ ప్రతిదానికీ గుండె పేరే ఎత్తుతుంది.
వాఖో అంజూరచెట్టెక్కితే, నా గుండె ఆగినంత పనైందిరా.
గ్యాసు బిల్లొస్తే, నా గుండె ఆగినంత పనైంది.
పాలు పొంగినా అంతే.
ఆగస్టులో మెట్లమీద కూలబడి
ఏమిటో కాస్త ఆయాసం, అని ఊరుకుంది.
ఆ మాట అననందుకే నాకు భయమేసింది.

మంగళవారం
వాఖోకి ఒక కాలికి నీలం సాక్సు, ఒక కాలికి బూడిదరంగుది.
బడికి పోనన్నాడు. పొమ్మన్నాను. గుమ్మం తన్ని పోయాడు.
నాయనమ్మ మేరీమాత పటం ముందు సన్న మైనపువత్తి వెలిగించింది.
ఆవిడ మొక్కదు, దబాయిస్తుంది.
ఆ చేత్తోనే అక్రోట్లు నూరడానికి కూర్చుంది,
ఎతేరి గారి గిన్నెలోకి పాలకూర ముద్ద చేద్దామని.
రోకలి జారి నా బొటనవేలి మీద పడింది.
బూతు తిట్టాను, పెద్దగా.
నాయనమ్మ నవ్వింది. నేనూ నవ్వాను,
ఆపుకోలేక, గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకునేదాకా.
గడియారం చూస్తే పదీ ఇరవై.

డిశ్చార్జి కాగితాల్లో తర్వాతెప్పుడో చదివాను.
గుండె ఆపింది తొమ్మిదీ నలభైకి.
మళ్ళీ కొట్టుకుంది పదకొండూ ఇరవై అయిదుకి.
ఆ మధ్యలో అమ్మ నెత్తుటిని
ఒక మోటారు తోడి పోసిందట.
అంటే నేను నవ్వుతున్నప్పుడు
ఈ లోకంలో ఎక్కడా మా అమ్మ గుండె కొట్టుకోవడం లేదు.
ఈ లెక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి నాన్న ఫోను.
లారీల బ్రేకులు బాగుచేసే మనిషి, మాటలు పొదుపు.
“వాల్వ్ పడింది. కార్బనుది. మంచి సరుకే.”
కాసేపు ఊపిరి.
“కోళ్ళకి గింజలేశారా?”
వేశామన్నాను.
వెయ్యలేదు.

మూడు వారాలకి ఇంటికొచ్చింది,
ఛాతీకి దిండు హత్తుకుని.
గతుకు వచ్చినప్పుడల్లా నాన్న డ్రైవర్ని తిట్టాడట,
ఎవర్నీ పల్లెత్తు మాటనని మనిషి.
పాలకూర ఇక గరిటెడంటే గరిటెడే,
రక్తం పల్చబరిచే మందుకి దానితో పడదట.
“ఇది వంటిల్లా, మందుల కొట్టా?” అని
నాయనమ్మ ఆ గరిటెడూ కసిగా కొలిచింది.

రాత్రి ఇల్లు సద్దుమణిగాక వినపడేది.
టిక్. టిక్.
చేతిగడియారం దుప్పట్లో మరిచిపోయినట్టు.
వాఖో లేచొచ్చి
“అమ్మా, నీ గడియారం ఆపవా, నిద్ర పట్టట్లేదు” అన్నాడు.
నాన్న మంచం దిగి వంటింట్లోకి వెళ్ళి
కుళాయి విప్పి చాలాసేపు నీళ్ళు వదిలాడు.
అమ్మ మాత్రం,
“ఆపితే నీకెవరు వండుతార్రా, పడుకో” అంది.

నిన్న సాయంత్రం
పుల్ల ప్లమ్ పళ్ళ పచ్చడి సీసా
వాఖో చేతిలోంచి జారి భళ్ళుమంది.
నేలంతా ఎరుపు, పొయ్యి కాళ్ళదాకా.
“నా గుండె...” అని మొదలెట్టి
అమ్మ ఆగింది.
అందరం ఆగాం, గరిటె పట్టుకున్న నాయనమ్మతో సహా.
అది మాత్రం ఆగలేదు,
గదిలో అందరికీ వినపడుతూ.

ఒక్కొక్కరి మొహమూ చూసింది అమ్మ.
“మాగ్దా, చీపురు తే” అంది.
“వాఖో, కదలకు. గాజుపెంకులు.”